సిగ్నల్ నిండుగా ఉన్నా వీడియో ఎందుకు ఆగుతుంది?

ఫోన్‌లో గీతలన్నీ నిండుగా ఉంటాయి, వీడియో మాత్రం ముందుకు కదలదు. ఆ గీతలు చెప్పేది ముఖ్యంగా సిగ్నల్ బలం గురించి. రొదతో, పక్క టవర్ల నుంచి వచ్చిపడే తరంగాలతో పోలిస్తే మన సిగ్నల్ ఎన్ని రెట్లు ఉందన్నది అవి చెప్పవు. డేటా వేగాన్ని తేల్చేవాటిలో ముఖ్యమైనది ఈ నిష్పత్తే. సమాచారం తప్పుల్లేకుండా వెళ్లే వేగానికి ఒక హద్దుందనీ, అది బ్యాండ్ వెడల్పు మీదా ఈ నిష్పత్తి మీదా ఆధారపడుతుందనీ క్లాడ్ షానన్ 1948లోనే చూపించారు.

మొబైల్‌లో ఆ నిష్పత్తి నిలకడగా ఉండదు. గది మారినా, లారీ అడ్డొచ్చినా మారిపోతుంది. దానికి తగ్గట్టు పంపే పద్ధతినే మార్చుకోవడాన్ని అడాప్టివ్ మాడ్యులేషన్ అంటారు.

టవర్ తరంగం ఎత్తునూ ఫేజ్‌నూ మార్చి రకరకాల గుర్తులు పంపుతుంది. క్యూపీఎస్‌కే పద్ధతిలో ఉన్నవి నాలుగే గుర్తులు, ఒక్కోటి 2 బిట్లు మోస్తుంది. 16 గుర్తులుండే 16 క్వామ్‌ పద్ధతిలో 4, 64 క్వామ్‌లో 6, 256 క్వామ్‌లో 8 బిట్లు. అలాగని ఎప్పుడూ 256 వాడలేం. గుర్తులు పెరిగేకొద్దీ వాటి మధ్య తేడా సన్నబడుతుంది. మసక వెలుతురులో ప, వ, షలను ఒకదానికి బదులు మరొకటిగా పొరబడినట్టే, రొదలో దగ్గరి గుర్తులు తారుమారవుతాయి.

అందుకే 4జీ ఫోన్ తన పరిస్థితిని 0 నుంచి 15 వరకు ఒక అంకెగా టవర్‌కు చెబుతూ ఉంటుంది. ఏ అంకెకు ఏ పద్ధతో చెప్పే మొదటి 4జీ పట్టికలో 1 అంటే క్యూపీఎస్‌కే. అందులోనూ ప్రతి 1024 బిట్లలో 78 మాత్రమే అసలు సమాచారం, మిగతావి తప్పులు దిద్దడానికి. 15 అంటే 64 క్వామ్, 1024లో 948 అసలు సమాచారమే. ఈ రెండింటి మధ్య తేడా దాదాపు 36 రెట్లు.

నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది మరొకటుంది. మొదటిసారి పంపిన డేటా ముక్కల్లో పదింట ఒకటి చెడినా ఫరవాలేదనుకునే ఈ అంకెను లెక్కిస్తారు. ఒక్కటీ చెడకూడదని పట్టుబడితే ప్రతి ముక్కనూ నెమ్మదిగా పంపాల్సి వస్తుంది. చెడిన ముక్కనైతే కొద్ది మిల్లీసెకన్లలో మళ్లీ పంపవచ్చు. ఫోన్ పాత ముక్కను పారేయదు, కొత్తదానితో కలిపి చదువుతుంది.

ఈ పద్ధతికి అసలు చిక్కు ప్రయాణంలో వస్తుంది. 1800 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 17 సెంటీమీటర్లు. అందులో సగం దూరం జరిగేలోపే బలంగా ఉన్న సిగ్నల్ పడిపోవచ్చు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారుకు ఆ దూరం 3 మిల్లీసెకన్లే. ఫోన్ పంపిన అంకె టవర్ అందుకుని అమలుచేసేసరికే పాతబడుతుంది. అప్పుడు టవర్ సగటు పరిస్థితిని బట్టి నడుస్తూ, ముక్కలు ఎక్కువ చెడితే ఒక మెట్టు దిగుతుంది.

సిగ్నల్ బలహీనమైన చోట డేటా నెమ్మదిగా వెళ్తుంది కాబట్టి, అక్కడ కూర్చుని సినిమా దించుకుంటే టవర్ సమయం అనేక రెట్లు ఖర్చవుతుంది, అది అక్కడి అందరి వాటాలోంచీ పోతుంది. కాబట్టి పెద్ద ఫైలుంటే కిటికీ దగ్గరికో, వైఫై ఉన్న చోటికో వెళ్లి దించుకోండి. మీకూ త్వరగా పూర్తవుతుంది, పక్కవారికీ దారి దొరుకుతుంది.