బీరపూలు విచ్చే వేళ

కొత్తింటి పెరట్లో మొదటిసారి బీరపాదు పెట్టాను. పందిరి నిండా అల్లుకుంది, పూసింది. పిందెలు మాత్రం చిటికెనవేలంత కాగానే పసుపెక్కి రాలిపోయేవి. ఎరువు వేశాను. నీళ్లు పెంచాను, తగ్గించాను. పుప్పొడిని ఏ పురుగు మోస్తోందో, అసలు మోస్తోందో లేదో చూద్దామని పొద్దున్నే పందిరి కింద కుర్చీ వేసుక్కూర్చున్నాను.

పక్కింటి మామ్మగారు గోడ మీంచి చూసి నవ్వారు. "ఎండెక్కాక ఏముంటుందమ్మా? బీరపూలు పొద్దుగూకే వేళ కదా విచ్చేది!"

ఆ సాయంత్రం చూశాను. ముడుచుకున్న మొగ్గలు వెలుగు తగ్గేకొద్దీ విప్పారి, పందిరంతా పసుపు చల్లినట్టయింది. మగపూలు గుత్తులుగా వస్తాయి. ఆడపువ్వు ఒంటరి, విచ్చకముందే దాని కింద బుల్లి బీరకాయ ఉంటుంది. మగపూల పుప్పొడి అందకపోతే ఆ కాయ అక్కడితో సరి. చీకట్లో పుప్పొడిని మోసేవాటిలో దీపం చుట్టూ తిరిగే రెక్కపురుగులూ ఉంటాయి. మరి నా పెరట్లో రాత్రంతా లైటు వెలుగుతుంటే అవి పూల దగ్గరికి ఎందుకు వస్తాయి? ఆ రాత్రి నుంచే లైటు ఆర్పేశాను. నమ్మకం చాలక ఓ మగపువ్వు తుంచి, రేకలు తీసేసి, నాలుగు ఆడపూలకు నేనే అద్దాను కూడా. నాలుగూ నిలిచాయి.

పగటి కథ వేరు. వంకాయ పువ్వు మధ్యలో ఉండే పసుపుపచ్చటి గొట్టాలకి కొసన సన్నటి బెజ్జాలుంటాయి. పుప్పొడి అందులోంచే రాలాలి, ఉప్పుడబ్బా వంచి దులిపినట్టు. మామూలు తేనెటీగకి ఆ విద్య రాదు. నల్లటి తుమ్మెదకి వచ్చు. పువ్వుని కాళ్లతో కరచిపట్టుకుని, రెక్కలు కదపకుండా, ఒంట్లో కండరాల్ని మాత్రం వణికిస్తుంది. ఎగిరేటప్పటి జుమ్ముమనే మోత ఒక్కసారిగా సన్నబడి, కీచుమంటుంది. అదే క్షణంలో దాని పొట్ట మీద పుప్పొడి బూడిదలా రాలుతుంది. తెలంగాణ రాష్ట్ర పుష్పం తంగేడుదీ ఇదే పద్ధతి.

నర్సరీలో ముద్దబంతి చూసి ముచ్చటపడి డజను మొక్కలు తెచ్చాను. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ, అన్ని రేకల మధ్య తేనెటీగకి మూతి పెట్టే సందుండదు. మామ్మగారిచ్చిన రేకబంతి నారు, నాలుగు తులసి మొక్కలు పూశాకే పెరట్లో సందడి మొదలైంది. నేలంతా బండలు పరిపించబోయి, ఓ మూల మట్టిగానే వదిలేశాను. ఒంటరిగా బతికే తేనెటీగలు చాలా వరకు మట్టిలోనే గూడు తవ్వుకుంటాయి.

అన్నిటికన్నా కష్టమైంది కరివేపాకు. ఆకుల మీద పిట్టరెట్టల్లాంటివి కనిపిస్తే దులపబోయాను. అవి కదిలాయి. వారం గడిచేసరికి పచ్చగా, నున్నగా తయారై రెమ్మలు దూసిపారేశాయి. ఒకదాన్ని పుల్లతో తాకితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ముల జత బయటపెట్టి ఘాటు వాసన వదిలింది. వేపనూనె సీసా చేతిలోకి తీసుకుని, మళ్లీ పెట్టేశాను. ఆ నెలంతా చారులోకి కరివేపాకు బజారు నుంచే.

అవి కామన్ మార్మన్ పిల్లలు. పెద్దయితే నల్లటి సీతాకోకచిలుకలు, వెనక రెక్కల మీద తెల్లచుక్కల వరస. ఆడవాటిలో కొన్ని ఆ వేషం వదిలేసి, ఈశ్వరి తీగ తిని ఒళ్లంతా విషం చేసుకున్న క్రిమ్సన్ రోజ్ సీతాకోకలా ఎరుపు అద్దుకుంటాయి. విషం లేదు, వేషమే. పిట్టలు హడలి వదిలేస్తాయి.

మొన్న పందిరి గుంజకి బొత్తామంత గుండ్రటి బెజ్జం కనిపించింది. కింద మెత్తటి పొట్టు. లోపల తుమ్మెద. గుంజ పుచ్చిపోతోంది, మార్చేద్దామన్నాడు పందిరి వేసే అబ్బాయి. బీరకాయలు దిగాక చూద్దాంలే అని పంపేశాను.