పండుగ కానుకలు – కుటుంబ బడ్జెట్

ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• పండుగ కానుకల కోసం చేసే అప్పు అసలు ఖర్చును లెక్కించగలుగుతారు.
• కుటుంబ ఆదాయానికి తగిన పండుగ బడ్జెట్‌ను తయారు చేయగలుగుతారు.
• పరిమితి గురించి బంధువులతో ముందుగా మాట్లాడవలసిన అవసరాన్ని వివరించగలుగుతారు.

1. పరిచయం

కుటుంబ ఖర్చులలో కొన్ని చెప్పకుండా వస్తాయి. అనారోగ్యం, ప్రమాదం అటువంటివి. మరికొన్ని తేదీతో సహా ముందే తెలిసి వస్తాయి. సంక్రాంతి ఏటా జనవరి నడుమ వస్తుందని అందరికీ తెలుసు. అయినా చాలా ఇళ్లలో పండుగ ఖర్చు అనుకోని ఖర్చులాగా మీద పడి, అప్పుగా మిగులుతుంది. ఎందుకిలా జరుగుతుంది?

ఎన్.టి.ఆర్. జిల్లాలో తిరువూరు ప్రాంతానికి చెందిన విస్సన్నపేట మండలాన్ని తీసుకుందాం. ఇక్కడ మామిడి తోటలు ఎక్కువ. కోత ఏప్రిల్ నుంచి జూన్ వరకు సాగుతుంది. తోటమీద డబ్బు ప్రధానంగా వేసవిలో వస్తుంది. కొత్త అల్లుడికి బట్టలు, ఆడపడుచులకు చీరలు, పిండివంటలు, రాకపోకలు మాత్రం జనవరిలో వస్తాయి. అప్పటికి చెట్లు పూత మీద ఉంటాయి, చేతిలో డబ్బు ఉండదు. ఆదాయం ఒక రుతువులో, ఖర్చు మరొక రుతువులో ఉండటమే ఈ అప్పుకు మొదటి కారణం.

2. కానుక స్వభావం

ఫ్రెంచి సామాజికశాస్త్రవేత్త మార్సెల్ మోస్ 1925లో కానుకలపై ప్రచురించిన రచనలో మూడు బాధ్యతలను గుర్తించాడు: ఇవ్వడం, స్వీకరించడం, తిరిగి ఇవ్వడం. మన ఇళ్లలో పెట్టుపోతలకు ఇది చక్కగా సరిపోతుంది. మనం పెట్టిన చీర ధరను బట్టి అవతలివారు తిరిగి పెట్టవలసిన చీర ధర నిర్ణయమవుతుంది. అందుచేత ఒక ఇల్లు శక్తికి మించి పెడితే రెండు ఇళ్ల మీదా భారం పడుతుంది.

అమెరికా ఆర్థికశాస్త్రవేత్త జోయల్ వాల్డ్‌ఫోగెల్ 1993లో క్రిస్మస్ కానుకలను పరిశీలించాడు. ఇచ్చినవారు పెట్టిన ఖర్చులో పదో వంతు నుంచి మూడో వంతు దాకా విలువ, పుచ్చుకున్నవారి దృష్టిలో లేకుండా పోతుందని అంచనా వేశాడు. ప్రేమను ఇలా లెక్కకట్టలేం. కాని, అవతలివారికి ఏది అవసరమో తెలుసుకుని ఇస్తే తక్కువ ఖర్చుతోనే ఎక్కువ తృప్తి కలుగుతుందని దీనినిబట్టి గ్రహించవచ్చు.

ఒక భేదాన్ని కూడా గుర్తుంచుకోవాలి. ఇష్టపడి ఇచ్చేది కానుక. పెళ్లికి సంబంధించి అడిగి పుచ్చుకునే విలువైన వస్తువు కానుక కాదు. అలా అడగడం వరకట్న నిషేధ చట్టం, 1961 ప్రకారం నేరం.

3. అప్పు అసలు ధర

ఒక ఊహాత్మక కుటుంబాన్ని తీసుకుందాం. భర్త చిన్న మామిడి తోట చూసుకుంటాడు. భార్య ఇంటి దగ్గర బట్టలు కుడుతుంది. కూతురి పెళ్లయిన తరువాత ఇది మొదటి సంక్రాంతి. ఇంటి అవసరాలు పోగా ఈ పండుగకు వారు భరించగలిగింది రూ. 18,000. అల్లుడికి ఉంగరం పెట్టాలని మరో రూ. 30,000 నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు.

నూటికి మూడు రూపాయలంటే చిన్న అంకెలా వినిపిస్తుంది. అది నెల వడ్డీ, ఏడాదికి 36 శాతం. నెలకు రూ. 900 కట్టాలి. మామిడి డబ్బు అందే జూన్ వరకు, అంటే అయిదు నెలలకు, వడ్డీ రూ. 4,500 అవుతుంది. గాలివానకు కాయ రాలి ఆ ఏడాది తీర్చలేకపోతే, మరుసటి సంక్రాంతికి వడ్డీ రూ. 10,800కు చేరుతుంది. అప్పటికీ అసలు అలాగే ఉంటుంది. మళ్లీ పండుగ వచ్చేస్తుంది.

వడ్డీ కొన్నిసార్లు వేరే రూపంలో ఉంటుంది. పండుగ అవసరానికి పూత దశలోనే తోటను తక్కువ ధరకు ఒప్పుకుంటే, తగ్గిన ఆ మొత్తం కూడా వడ్డీ వంటిదే. వారం వారం కట్టే అప్పులు రుతువును బట్టి ఆదాయం వచ్చే ఇళ్లకు మరింత కష్టం. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణాల వసూళ్ల ఒత్తిడి తీవ్రమై, అదే ఏడాది అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం వాటిని నియంత్రిస్తూ ఆర్డినెన్సు తెచ్చింది.

4. పండుగ బడ్జెట్ తయారీ

మొదటి దశ – పరిమితి: ముందుగా మొత్తాన్ని నిర్ణయించాలి, ఆ తరువాతే వస్తువులు. తిండి, ఫీజులు, మందులు, సాగు పెట్టుబడి, పాత అప్పుల వాయిదాలు తీసివేసిన తరువాత మిగిలేదే పరిమితికి ఆధారం.

రెండవ దశ – జాబితా: ఎవరికి, ఏమి, ఎంత అన్నది కాగితం మీద రాయాలి. పై కుటుంబం జాబితా ఇలా ఉండవచ్చు:

కూతురు, అల్లుడికి బట్టలు – రూ. 6,000
ఇద్దరు ఆడపడుచులకు చీరలు – రూ. 3,000
అత్తమామలకు బట్టలు – రూ. 2,000
ఇంట్లో పిల్లలకు – రూ. 2,500
పిండివంటలు – రూ. 3,000
హరిదాసు, గంగిరెద్దులవారు, పనిలో సాయపడేవారు – రూ. 500
అనుకోని ఖర్చులకు – రూ. 1,000
మొత్తం – రూ. 18,000

మూడవ దశ – పొదుపు: కుట్టుపని ఆదాయం నుంచి నెలకు రూ. 750 చొప్పున 12 నెలలకు రూ. 9,000 వస్తుంది. జూన్‌లో మామిడి డబ్బు చేతికి రాగానే మరో రూ. 9,000 పక్కన పెట్టాలి. నెలవారీ సొమ్ముకు బ్యాంకులో ఏడాది రికరింగ్ డిపాజిట్ అనువుగా ఉంటుంది. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ గడువు అయిదేళ్లు కనుక ఏడాది అవసరానికి అంతగా కుదరదు. చిట్టీ వేసేటట్లయితే అది చిట్ ఫండ్స్ చట్టం, 1982 ప్రకారం నమోదైనదో కాదో ముందే చూసుకోవాలి.

నాలుగవ దశ – సమీక్ష: పండుగ వెళ్లిన వారంలోనే అనుకున్న ఖర్చును, అయిన ఖర్చును పక్కపక్కన రాసుకోవాలి. వచ్చే ఏడాది జాబితాకు అదే ఆధారం.

5. ముందుగా చెప్పడం

మరి ఉంగరం సంగతేమిటి? లెక్కకంటే కష్టమైనది ఇదే. చాలామంది అప్పు చేసేది వస్తువు కోసం కాదు, మాట పడతామన్న భయంతో. ఈ మాటను భార్యాభర్తలు ముందు తమలో తాము అనుకుని, పండుగకు పిలిచేటప్పుడే చెప్పాలి. ఉదాహరణకు తల్లి తన వియ్యపురాలితో ఇలా అనవచ్చు: “వదినగారూ, మామిడి డబ్బు వేసవికిగాని చేతికి రాదు. పండుగకు పిల్లలిద్దరికీ బట్టలు పెడతాం. ఉంగరం మాట ఆ తరువాత చూసుకుంటాం. మీరంతా తప్పకుండా రావాలి.”

ఇందులో దాపరికం లేదు, తీర్చలేని మాట ఇవ్వడం లేదు. తోట ఎలా కాసిందో చూసిన తరువాతే ఉంగరం నిర్ణయం జరుగుతుంది. ఆడపడుచులతో కూడా ఇలాగే ఒక ధర అనుకుని ఇరువైపులా దానికి కట్టుబడితే అందరికీ ఊరట.

6. సారాంశం

పండుగ తేదీ ముందే తెలుసు కనుక దాని ఖర్చును ఏడాది పొడవునా పంచుకోవచ్చు. ఆదాయం వచ్చే నెలలోనే పండుగ వాటాను పక్కన పెట్టడం, పరిమితి నిర్ణయించిన తరువాతే జాబితా రాయడం, ఆ పరిమితిని అయినవారికి ముందే చెప్పడం ముఖ్యం. ఇలా చేసిన ఇంట్లో పండుగ వెళ్లాక వడ్డీ లెక్క మిగలదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. రూ. 20,000 అప్పుపై నూటికి రెండు రూపాయల చొప్పున ఎనిమిది నెలల వడ్డీ ఎంత?
2. పూత దశలో తోటను తక్కువ ధరకు ఒప్పుకోవడాన్ని వడ్డీ వంటిదని ఎందుకు అన్నాం?
3. మీ కుటుంబానికి ఆదాయం వచ్చే నెలలను, పండుగ ఖర్చులు వచ్చే నెలలను ఒక పట్టికలో రాసి, మీ పండుగ బడ్జెట్‌ను తయారు చేయండి.