సారంగపాణి మోటసరసము

క్షేత్రయ్య పేరు వినని తెలుగు విద్యార్థి అరుదు. అన్నమాచార్యుని పేరు నేడు ఇంటింట వినబడుచున్నది. కాని చిత్తూరు సీమలో నివసించి, ఆ సీమ పలుకుబడినే రాగతాళముల కెక్కించిన సారంగపాణి పేరును ఆ సీమ పాఠశాలలోనే ఎత్తినచో, పదిమందిలో తొమ్మండుగురు ఒకరి మొగ మొకరు చూచుకొందురు. పదవవాడు ముసిముసిగా నవ్వును. ఎఱుగని తొమ్మండుగురి సంగతి యటుండనిండు. ఎఱిగినవాడు నవ్వుటకు కారణమేమి?

పూతలపట్టునుండి తూర్పుగా పెనుమూరు మీదుగా పోయినచో కార్వేటినగరము వచ్చును. నేడది యొక మండల కేంద్రము. ఒకనాడు బొమ్మరాజుపాలెమను పేర పాలెగాండ్ర యేలుబడిలో నుండి, పిదప జమీందారీయై, సంగీత సాహిత్యములకు పట్టుగొమ్మగా నిలిచిన సంస్థానము. సుబ్బరామ దీక్షితులు 1904లో వెలువరించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ చూచినవారికి కార్వేటినగరపు గోవిందసామయ్య, కూవనసామయ్యల పేర్లు తెలియును. తిరుత్తణి ఆ సంస్థానములోనిదే. 1960లో మదరాసు రాష్ట్రమునకు పోవు వఱకు అది చిత్తూరు జిల్లాలోనే యుండెను. ఈ చుట్టుపట్ల తెలుగును తమిళమును ఒకే ముంగిట ఆడుకొన్న బిడ్డలు. కంబరామాయణమును తెలుగు చేసిన శ్రీరాములురెడ్డిగారి ఇంటిపేరు పూతలపట్టే యగుట నాకు వింతగా తోచదు.

ఆ సంస్థానమున, మాకరాజు వేంకటపెరుమాళ్‌రాజు కొలువులో, పదునెనిమిదవ శతాబ్దపు పూర్వార్ధమున సారంగపాణి యుండెను. విద్యా సాహిత్య కళావిషయములకు ఆయన అధికారిగా నుండెనని చెప్పుదురు. ఒకనాటి విద్యాధికారి వ్రాసిన పదములను నేటి ఉపాధ్యాయులు పిల్లల ముందు తెరచుటకు జంకుచుండుట విచిత్రమే. ఆయన పేర రెండువందలకు పైగా పదములు నిలిచినవి. వానిలో భక్తి కలదు, వైరాగ్యము కలదు, శృంగారము మిక్కిలిగా కలదు. అన్నిటి ముద్రయు కార్వేటినగరమున వెలసిన వేణుగోపాలుడే. ఆ స్వామి ఆలయము నేడు తిరుమల తిరుపతి దేవస్థానముల నిర్వహణలో నున్నది. పదములలోని వేణుగోపాలుడు మాత్రము ఎవరి నిర్వహణకును లొంగినవాడు కాడు.

పదమన నేమో విద్యార్థులకై రెండు మాటలు. పల్లవి, అనుపల్లవి, చరణములు గలిగి, విలంబ కాలమున నడచుచు, నాయికా నాయకుల ప్రణయమును పాత్రముఖమున పలికించు గేయము పదము. పాడుట కెంతయో అభినయించుట కంత. నాయిక స్వీయ కావచ్చును, పరకీయ కావచ్చును, వెలయాలైన సామాన్య కావచ్చును. చుట్టును చెలికత్తె, దూతిక, అత్త, ఆడుబిడ్డ, వేశ్యమాత. ఈ మేళము క్షేత్రయ్యకును ఉన్నది, సారంగపాణికిని ఉన్నది. భేదము వారి నోళ్లలో నున్నది. క్షేత్రయ్య నాయిక కోపించినను ఆ కోపమునకు నాగరికత యుండును. సారంగపాణి నాయికకు కోపము వచ్చినచో వీధి వాకిలి తెరచి మాట్లాడును. సామెత విసరును, ఎత్తిపొడుచును, సంతలో కూరగాయల బేరమాడు గొంతుతో ప్రణయము బేరమాడును. ఈ సీమ యింటిమాట, తమిళపు పొరుగున మెలగిన మాట, నిఘంటువులకు అందని మాట, ఆమె నోట యథేచ్ఛగా దొరలును. మోటసరసమని మనవా రనునది దీనినే.

ఒక్క యుదాహరణము చాలును. సహాన రాగమున పాడు సారంగపాణి పద మొకటి సంగీతజ్ఞులలో ప్రసిద్ధము. సన్నివేశ మిది. పెండ్లియైన యువతి ప్రియుని కడ నున్నది. ఇంతలో మగడు వచ్చి ఆమెను పిలిచినాడు. ఆమె ప్రియునితో సెలవు తీసికొనుచున్నది. ఇంతే కథ. ఏడుపులేదు, భయములేదు, పట్టుబడిన దొంగ గడబిడ లేదు. విందునకు వచ్చిన బంధువు పొద్దుపోయినదని లేచునట్లు, మర్యాదగా, మొగమాటముతో, వీడ్కోలు కోరుచున్నది. నీతి చెప్పదలచినవారికి ఇది ఘోరము. నవ్వుటకు వచ్చినవారికి ఆ మర్యాదయే నవ్వు. చేయుచున్న పనికిని మాటలోని మన్ననకును నడుమ నున్న దూరమే అందలి హాస్యము. బూతుమాట యొక్కటియు అక్కరలేకపోయినది.

ఇక రాగము సంగతి చూడుడు. సహాన కరుణముతో కూడిన నిదానపు రాగము. అందు వేగిరపాటునకు చోటులేదు. మగడు వాకిట పిలుచుచుండగా తొందరగా పోవలసిన స్త్రీచేత కవి సహాన పాడించినాడు! ‘పోయివత్తు’నను భావమును ఆమె పల్లవిలో నొకసారి చెప్పును, సంగతి మార్చి మఱల చెప్పును, చరణము ముగిసిన పిదప తిరిగి చెప్పును. అభినయము నేర్చిన పాత్ర ఒక్కొక్క ఆవృత్తమునకు ఒక్కొక్క చేష్ట చేర్చును: కొప్పు సవరించుకొనును, పైట సర్దుకొనును, గడప దాక పోయి వెనుకకు చూచును. పాట సాగిన కొలది ఆమె పోకడలోని ఉద్దేశము శ్రోతకు తెలిసిపోవును. కాగితముపై చదివినపుడు ఈ చమత్కారము సగమును కనబడదు. పదములోని హాస్యము సాహిత్యమున పుట్టి, రాగమున పెరిగి, కనుబొమ్మ చివర పండును.

నా తరగతిలో ఈ పదమును గూర్చి చెప్పుచుండగా ఒక విద్యార్థిని లేచి, “ఇట్లా మాటలు మా అవ్వ ఇంట్లో మాట్లాడతాది సార్. ఇది కూడా సాహిత్యమేనా?” అని అడిగినది. ప్రశ్న చిన్నది. దానికి బదులు చెప్పుటకు భరతునినుండి మొదలిడవలసి వచ్చినది.

శృంగారమునుండి హాస్యము పుట్టునని నాట్యశాస్త్రము. స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితమని నవ్వును ఆఱు తెఱగులుగా భరతుడు విభజించి, ఉత్తమ మధ్యమ అధమ ప్రకృతులకు రెండేసి చొప్పున పంచినాడు. పెద్దమనుష్యుడు పెదవి కదలకుండ నవ్వవలెను, పామరుడు కన్నీరు కారునట్లు నవ్వవచ్చును అని దీని తాత్పర్యము. ఆలంకారికులు అశ్లీలమును దోషములలో చేర్చిరి. సిగ్గు గొలుపునది, ఏవము గొలుపునది, అమంగళమును స్ఫురింపజేయునది అని దానికి మూడు శాఖలు. కాని అదే శాస్త్రమున, ‘కావ్యప్రకాశము’ వంటి ప్రామాణిక గ్రంథముననే, ప్రణయగోష్ఠులలో అశ్లీలము దోషము గాక గుణమగునని యున్నది. రహస్యవస్తువును రెండర్థముల మాటలతో సూచింపవలెనని కామశాస్త్ర మర్యాద. మన పూర్వులు బూతును ఎఱుగనివారు కారు. దానికి చోటు, వేళ, గొంతు ఏర్పఱచినవారు.

ఆ చోటును వేళయు చిత్తూరు సీమవారికి ఇంకను కొత్తవి కావు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో ఏటేట వేసవిని వేషములు కట్టుదురు. బండవేషము వేసినవాడు వీధిలో ఎదురైనవారినెల్ల బూతులు తిట్టును. తిట్టు తిన్నవాడు కోపింపడు. అది అమ్మవారి ముచ్చట. ఆ జాతర వెనుకనున్న కథ యేది? ఆడువారిని చెఱచుచుండిన పాలెగానిని గంగమ్మ మాఱువేషములతో వెదకి, చంపినదని. అనగా బలిసిన కాముకుని పరాభవము చుట్టును అల్లుకొన్న పండుగ యది. ఈ కథను తలచుకొని సారంగపాణి పదములను తిరిగి చదివినపుడు నాకొక సంగతి పొడగట్టినది. వానిలో నవ్వు ఎవరిపై పడుచున్నది? ఆడుదానిపై అరుదు. తఱచుగా మగవానిపై: మాటలు గొప్పగా చెప్పి పైకము తేనివానిపై, నిన్న ఒకయింట నేడొకయింట తిరుగువానిపై, తన సొగసునకే తాను మురియువానిపై. ఆ మగవానికి కవి పెట్టిన పేరు వేణుగోపాలుడు. పాలెగాని కొలువులో కూర్చుండి, పాలెగాని కులదైవమువంటి స్వామి పేర, భోగలాలసుడైన ప్రభువు మొగముననే పాడదగిన ఎగతాళిని ఆడుదాని నోట పెట్టుట సామాన్యమైన ధైర్యము కాదు. ప్రభువు వినెను, నవ్వెను, కాబోలు బహుమతియు నిచ్చెను. నవ్వు కాకున్నచో ఆ మాట చెప్పుటకు వేఱు తోవ యున్నదా?

దేవుని ఇట్లు పట్టి లాగుట భక్తికి భంగమని కొందఱందురు. వారిని త్యాగరాజస్వామి ‘నౌకాచరిత్రము’ చూడుమందును. గోపికలు కృష్ణునితో యమునలో పడవ యెక్కుదురు. గాలివాన వచ్చును, ఓడకు చిల్లి పడును. కృష్ణుడు చెప్పిన యుపాయము వారి వస్త్రములతో ఆ చిల్లి మూయుమని. రామభక్తాగ్రేసరుడు వ్రాసిన కథ యిది. దానిని సభలలో పాడుచున్నాము, పిల్లలచేత ఆడించుచున్నాము. త్యాగరాజునకు చెల్లిన పరిహాసము సారంగపాణికి చెల్లకపోవుట కేవలము పేరు బలమేమో!

అయితే సారంగపాణి మఱుగున పడుటకు వేఱు కారణము కలదు. ఆ పదములను కాపాడినవారు దేవదాసీ కుటుంబముల స్త్రీలు. 1890ల నాటి నాట్యవిరోధోద్యమము వారి వృత్తిని తప్పుపట్టినది, వృత్తితో పాటు పాటను తప్పుపట్టినది. తంజావూరి ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ కథ ఈ సందర్భమున చెప్పక తీరదు. ఆమెయు పదునెనిమిదవ శతాబ్దమునకు చెందినదే. వీరేశలింగము పంతులుగారు ఆమెను కఠినముగా నిందించిరి. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యమును సమగ్రముగా అచ్చొత్తించినది. మఱుసటి యేడే ప్రభుత్వము నిషేధించినది. తిరువైయారులో త్యాగరాజ సమాధికి గుడి కట్టించిన పుణ్యాత్మురాలు ఈ నాగరత్నమ్మయే యని మఱవరాదు. 1947లో ఆ నిషేధము తొలగినది. అదే 1947లో మదరాసు రాష్ట్రమున దేవదాసీల సమర్పణమును నిషేధించు చట్టము వచ్చినది. పసిపిల్లలను గుడికి కట్టివేయు దురాచారమును ఆపిన ఆ చట్టము న్యాయమైనదే. అందు నాకు సందేహము లేదు. కాని పుస్తకమునకు విడుదల కలిగిన యేటనే దానివంటి సాహిత్యమును పాడ నేర్చిన గొంతుల బ్రతుకుదెరువు ముగిసినది. పంతులుగారు చూచినది ఆ వృత్తిలోని దుఃఖము. ఆ దుఃఖమున నుండియే నవ్వ నేర్చిన స్త్రీల చమత్కారము ఆయన చెవి కెక్కలేదు. వీణ ధనమ్మాళ్ ఇంటివారు, ఆమె మనుమరాండ్రు బృంద, ముక్త, బాలసరస్వతి పదములను పట్టి నిలుపకున్నచో మనకీ మాత్రమును దక్కకపోవును.

ఉపాధ్యాయ మిత్రులు నన్నొకటి అడుగుదురు: పదవ తరగతిలో దీనిని చెప్పుటెట్లు? అన్నియు చెప్పుమని నేననను. సారంగపాణి పదములలో కొన్ని వట్టి మోటు. మోటుతనము తీసినచో ఏమియు మిగులనివి. వానిని వదలినందువలన లోటులేదు. కాని చుక్కలు పెట్టి మాటలను మ్రింగు పాత ముద్రాపకుల పద్ధతి మాత్రము వలదు. పిల్లవాడు చుక్కలనే ముందుగా చదువును. దానికంటె, నవ్వు ఎవరిపై పడినదని తరగతిలో అడుగుడు. పేదపై, అబలపై, అవిటివానిపై పడు నవ్వు వేఱు. పైకము చాలక, పరువు తగ్గక, వాకిట నిలిచిన మగరాయనిపై పడు నవ్వు వేఱు. పదునాలుగేండ్ల పిల్లలకు ఈ భేదము మనకంటె త్వరగా తెలియును. వారు ఏమైనను చలనచిత్రపు పాటలలో ఇంతకంటె మోటైనవి వినుచున్నారు. అక్కడ నవ్వు తఱచుగా ఆడుపిల్లపైననే పడుచున్నది.

విద్యార్థిని ప్రశ్నకు నేనిచ్చిన బదులు: మీ అవ్వ మాటలు వ్రాసి తెమ్ము. ఆమె ఒక నోటుపుస్తకము నిండ తెచ్చినది. కొన్ని సామెతలు, కొన్ని తిట్లు, రెండు పెండ్లి పరిహాసములు. వియ్యపురాలిని ఆటపట్టించు ఆ మాటలకును కార్వేటినగరపు పదముల ధోరణికిని చుట్టరికము తెలియుటకు పరిశోధకుడు అక్కరలేదు.

ఇక సంగీతము నేర్చు పిల్లలకొక మాట. ఈనాటి సభలలో పదమునకు దొరకు కాలము కొంచెము. పల్లవి, అనుపల్లవి, ఒక చరణము పాడి ముగించుట వాడుకయైనది. సహాన పదమును అట్లు పాడినచో ఆమె నిజముగనే ఇంటికి పోయినట్లుండును. చరణము లన్నియు పాడి, పల్లవికి తిరిగి తిరిగి వచ్చినపుడే, పాపము ఆ మగడు వాకిట ఎంతసేపు నిలిచినాడో తెలియును.