పట్టా కూడా అమానతే

తూనికలలో, కొలతలలో మోసగించేవారి పేరిట దివ్య ఖుర్ఆన్‌లో ఒక సూరాయే ఉంది. 'ముతఫ్ఫిఫీన్' అనే ఆ 83వ సూరాను పఠించేటప్పుడు మన కళ్ళ ముందు అంగడి, త్రాసు మెదులుతాయి. విశ్వవిద్యాలయంలో చదువుతున్న మన పిల్లల చేతిలోనూ ఒక త్రాసు ఉన్నదని మాత్రం మనకు తోచదు. ఇతరులు రాసినదాన్ని తన పేరుతో సమర్పించి మార్కులు పొందే విద్యార్థి, తక్కువ తూచి పూర్తి వెల పుచ్చుకునే వర్తకుని వంటివాడే.

నేడు ఇది తప్పుగానే కనిపించడం లేదు. పాత ప్రాజెక్టు రిపోర్టు జిరాక్స్ దుకాణంలో అట్ట మార్చుకుని కొత్తదవుతుంది. వ్యాసాన్ని కంప్యూటరే రాసి ఇస్తుంది. "అందరూ చేసేదే కదా" అనే మాట అంతరాత్మను నిద్రపుచ్చుతుంది.

మూలాన్ని పేర్కొనడం మనకు కొత్త పాఠం కాదు. హదీసువేత్తలు ఒక్క మాటను నమోదు చేయాలన్నా, దానిని ఎవరి నుండి విన్నారో, ఆయన ఎవరి నుండి విన్నారో వరుసగా చెప్పేవారు. ఆ పరంపరే 'ఇస్నాద్'. ఇమామ్ ముస్లిం తన 'సహీహ్' పీఠికలోనే ఎవరి ఉల్లేఖనాలు స్వీకరించదగినవో విపులంగా చర్చించారు. కైరోకు చెందిన ఇమామ్ సుయూతీ (1445-1505), గ్రంథకర్తకూ దొంగకూ గల భేదాన్ని తెలుపుతూ ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు.

మన దేశంలో యు.జి.సి. 2018లో ఈ విషయమై నిబంధనలు జారీ చేసింది. వాటి ప్రకారం సిద్ధాంత గ్రంథంలో ఇతరుల రచనతో పోలిక 10 శాతం దాటితే ఆరు నెలలలోగా సవరించి సమర్పించాలి. 40 శాతం దాటితే ఏడాదిపాటు తిరిగి సమర్పించే వీలుండదు. 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది.

కాని విశ్వాసి భయపడవలసింది సాఫ్ట్‌వేర్‌కు మాత్రమే కాదు. పట్టా అనేది ఒక సాక్ష్యం. 'ఈ వ్యక్తికి ఈ విద్య వచ్చు' అని అది సమాజానికి చెబుతుంది. దానిని నమ్మి రోగి తన ప్రాణాన్ని, తల్లిదండ్రులు తమ బిడ్డను అప్పగిస్తారు. ఆ సాక్ష్యమే అబద్ధమైతే, దానిపై నిలిచిన జీవనోపాధి మాటేమిటి?

కనుక విద్యార్థులు కొన్ని అలవాట్లు చేసుకోవాలి. నోట్సు రాసుకునేటప్పుడే గ్రంథకర్త పేరు, పుట సంఖ్య గుర్తించుకోవాలి. యథాతథంగా తీసుకున్న వాక్యాన్ని కొటేషన్ గుర్తులలో ఉంచాలి. భావాన్ని సొంత మాటలలో చెప్పినా మూలకర్తను పేర్కొనాలి. యంత్ర సహాయం ఎంతవరకు అనుమతమో గైడును ముందే అడగాలి.

తల్లిదండ్రుల బాధ్యత కూడా చిన్నది కాదు. "ఎన్ని మార్కులు వచ్చాయి?" అని అడిగే మనం, "ఏమి నేర్చుకున్నావు?" అని కూడా అడగాలి. నిజాయితీతో తెచ్చిన తక్కువ మార్కులను ఇంట్లో గౌరవించినప్పుడే పిల్లలకు మోసం అవసరం లేకుండా పోతుంది. మన సంతానానికి అల్లాహ్ ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, దానికి తగిన అమానతుదారీని ప్రసాదించుగాక!