‘ఫుల్‌బ్రైటు వచ్చింది’

మన విశ్వవిద్యాలయములలో ఏ ఉపన్యాసకుడైనను తోటివారికి మిఠాయి పంచుచు “నాకు ఫుల్‌బ్రైటు వచ్చిందండీ” అన్నప్పుడు, ఆ మాట జీతము వచ్చిందన్నంత సహజముగా చెవిని సోకును గాని, ఆ అమెరికా విద్యావేతనపు పేరు ఒక మనుష్యుని ఇంటిపేరనియు, ఆ మనుష్యుడు అమెరికా సెనేటులో దాదాపు 30 ఏండ్లు కూర్చుండి, మాటలు పడి, మాటలు అని, తుదకు స్వపక్షము వారి చేతనే ఓడింపబడిన రాజకీయవేత్త యనియు తలచువారరుదు.

జేమ్సు విలియం ఫుల్‌బ్రైటు 1905లో మిస్సోరి రాష్ట్రమున జన్మించి, పొరుగునున్న ఆర్కన్సాలో ఫయెట్‌విల్ అను చిన్న పట్టణమున పెరిగెను. అక్కడి విశ్వవిద్యాలయములో పట్టము పుచ్చుకొని, 1925లో రోడ్సు విద్యార్థివేతనముపై ఆక్స్‌ఫర్డు చేరెను. ఆ వేతనమునకు పేరిచ్చిన సిసిల్ రోడ్సు వజ్రాల వ్యాపారి మాత్రమే కాదు, దక్షిణాఫ్రికాలోని కేప్ వలసరాజ్యమునకు ప్రధానమంత్రి కూడ. అనగా ఒక రాజకీయవేత్త ఇంటిపేరు పట్టుకొని సముద్రము దాటిన కుర్రవాడే, పిమ్మట తన ఇంటిపేరుతో లక్షలమందిని దాటించెను. 34వ యేట తాను చదివిన విశ్వవిద్యాలయమునకే అధ్యక్షుడయ్యెను. తల్లి రాబర్టా నడపుచుండిన పత్రిక గవర్నరును ఏకిపెట్టుచుండగా, ఆ గవర్నరు 1941లో కొడుకు ఉద్యోగము ఊడబెరికించెను. 1944లో సెనేటు స్థానమునకై పార్టీలో జరిగిన పోటీలో అదే గవర్నరును కొడుకు ఓడించెను. పల్లెటూరి కక్షలు మన సొత్తే యనుకొనువారు ఈ కథను గమనింతురు గాక.

ఆయన ప్రతిభయంతయు ఒక్క చిన్న శాసనములో ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధము ముగియునప్పటికి అమెరికా సైన్యము దేశదేశములలో జీపులు, లారీలు, యంత్రములు, ఆహారపు డబ్బాలు, దుస్తులు కొండలుగా వదలివేసెను. తిరిగి తెచ్చుకొందమన్న రవాణా ఖర్చే సరుకు ఖరీదును మించును. అమ్ముదమన్న కొనువారి యొద్ద డాలర్లు లేవు. వారి సొంత నాణెము పుచ్చుకొందమన్న అది వారి సరిహద్దు దాటి చెల్లదు. ఈ చిక్కుముడిని ఎల్లరు నష్టముగా చూచుచుండగా, ఫుల్‌బ్రైటు 1945 సెప్టెంబరులో, యుద్ధశేషమైన సరుకు విక్రయమును గూర్చిన చట్టమునకు ఒక సవరణ ప్రతిపాదించెను: ఆ నాణెమును అక్కడనే ఉంచి, అమెరికా పండితులు ఆ దేశమునకు వచ్చి చదువుటకును, బోధించుటకును, ఆ దేశపు విద్యార్థులు అమెరికాకు పోవు ప్రయాణపు ఖర్చులకును వెచ్చింపవలెను. ఒక్కొక్క దేశమునకు మొత్తము 2 కోట్ల డాలర్లు, ఏటికి 10 లక్షల డాలర్లు మించరాదని హద్దు. ఆదర్శములను గూర్చి గంభీరోపన్యాసము చేసియుండినచో ఎవరో యొకరు లేచి అడ్డుపడియే యుందురు; తుక్కు సామాను లెక్కగా కనబడినందున సెనేటులో అది చర్చ లేకయే గట్టెక్కెను. 1946 ఆగస్టు 1వ తేదీన అధ్యక్షుడు ట్రూమన్ సంతకము చేసెను.

ఈ ఏర్పాటులో ఒక లోపముండెను. విదేశ విద్యార్థి అమెరికాలో తినుటకును, ఫీజు కట్టుటకును డాలర్లు కావలెను. ఆ డాలర్లకు దారి చూపినది 1948 నాటి స్మిత్-మండ్టు చట్టము. అయినను “నాకు స్మిత్-మండ్టు వచ్చింది” అని మిఠాయి పంచినవారు ఎందరు? పలుకుబడి గల ఇంటిపేరు దొరకుటయు ఒక అదృష్టమే.

మన దేశముతో ఒడంబడిక 1950 ఫిబ్రవరి 2వ తేదీన జరిగెను. నెహ్రూయు, అమెరికా రాయబారి లోయ్ హెండర్సనును సంతకములు చేసిరి. యుద్ధపు సరుకు సొమ్ము కరగిపోయిన పిదప గోధుమ ఆ స్థానమునకు వచ్చెను. పి.ఎల్. 480 అను అమెరికా ఆహార సహాయ చట్టము క్రింద మన రేవులలో దిగి, రేషను దుకాణములకెక్కిన గోధుమలకు ప్రభుత్వము చెల్లించిన రూపాయలు అమెరికా ఖాతాలో పేరుకొనగా, అందొక పాలు ఈ రాకపోకలకు వినియోగమయ్యెను. ఉస్మానియా ఆవరణలో 1964లో నెలకొన్న అమెరికా అధ్యయన పరిశోధన కేంద్రమునకు వచ్చిన ఆచార్యునకును, క్యూలో నిలుచుండి గోధుమలు మోసుకొనిపోయిన గృహిణికిని ఇట్టి చుట్టరికమున్నదని ఆ యిద్దరికిని తెలిసియుండదు. 2008లో ఉభయ ప్రభుత్వములు ఖర్చును సమముగా పంచుకొన నిశ్చయించి, వేతనములకు ‘ఫుల్‌బ్రైట్-నెహ్రూ’ అని నామకరణము చేసినవి.

అన్ని దేశములలోను ఇట్టి మొదటి ఒడంబడిక 1947 నవంబరులో చీనాతో కుదిరినది. దాని ఫలముగా డెర్క్ బాడి అను పండితుడు 1948లో పెకింగు చేరి, చీనా తత్త్వశాస్త్ర చరిత్రను ఆంగ్లీకరించు పనిలో నుండగనే నగరము ముట్టడింపబడెను; 1949 జనవరిలో కమ్యూనిస్టు సేనలు ప్రవేశించుట కన్నులార చూచి, దినచర్యలో వ్రాసికొనెను. అదే 1948 ఫిబ్రవరిలో ఫయెట్‌విల్‌లో, ఫుల్‌బ్రైటు అధ్యక్షత వహించిన ఆ విశ్వవిద్యాలయములోనే, సైలస్ హంట్ అను నల్లజాతి యువకుడు న్యాయశాస్త్ర విద్యార్థిగా చేరెను. ఆయనకు పాఠములు చెప్పినది తరగతి గదిలో కాదు, నేలమాళిగలో, వేరుగా. కొందరు తెల్ల విద్యార్థులు తామే మెట్లు దిగివచ్చి సరసన కూర్చుండిరి. హంట్ ఐరోపా రణరంగమున గాయపడి వచ్చిన సైనికుడు. యుద్ధపు తుక్కునకు విద్యగా విలువ కట్టిన దేశము, ఆ యుద్ధమున నెత్తురోడ్చిన వానికి పై అంతస్తులో ఒక బల్ల చూపలేకపోయెను. మరుసటి యేడు ఆయన క్షయవ్యాధితో మరణించెను.

ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన పెద్దలందురు. ఫుల్‌బ్రైటు ఇల్లు వదలి రచ్చ గెలిచెను. 1954లో, కమ్యూనిస్టుల వేట సాగించుచుండిన సెనేటరు మెకార్తీ ఉపసంఘమునకు నిధులిచ్చుటకు 85 మంది ఔనన్నచోట తానొక్కడే కాదనెను. వియత్నాం యుద్ధమునకు 1964లో తానే దారి సుగమము చేసియు, రెండేండ్లకే బహిరంగ విచారణలు జరిపి, స్వపక్షపు అధ్యక్షునే నిలదీసెను. ఇంత ధైర్యశాలి, 1956లో బడులలో వర్ణవివక్షను సమర్థించిన దక్షిణాది ప్రకటనపై చేవ్రాలు చేసెను. 1964 పౌరహక్కుల చట్టమునకు వ్యతిరేకముగా వోటు వేసెను. ఆర్కన్సా ఓటరు లేనిచో ఆసనము లేదను సమర్థనను నేను ఒప్పుకొనజాలను. 85 మందికి వెరవనివాడు వెరచినాడనుట వెరపును గాక, లెక్కను సూచించును. 1974లో ఆ ఓటరే ఆయనను ఇంటికి పంపెను. 1995లో ఆయన కాలధర్మము చెందెను.

ఫయెట్‌విల్ విశ్వవిద్యాలయములో ఫుల్‌బ్రైటు కంచు విగ్రహమున్నది. దానిని తొలగింపవలెనని విద్యార్థులు కోరగా, 2021 జూలైలో ధర్మకర్తల మండలి, విగ్రహము కదలరాదనియు, వర్ణవివక్షను సమర్థించిన ఆయన చరిత్రలోని పార్శ్వమును కూడ అక్కడ వివరింపవలెననియు తీర్మానించెను. ఆ ప్రాంగణముననే, క్రొత్త విద్యార్థుల ప్రవేశ దరఖాస్తులు పరిశీలించు కార్యాలయమున్న భవనము పేరు సైలస్ హంట్ హాలు.