తండ్రి అప్పు, కొడుకు సంతకం: అపోహలు – వాస్తవాలు

రాజంపేట చుట్టుపక్కల పల్లెల్లో ఇంటి పెద్ద కన్నుమూస్తే, ఇరవై ఏళ్ల లోపు పిల్లల చదువు, పెళ్లి, కువైట్ ప్రయాణం ఏ దారిన సాగాలో చాలావరకు దినాల నాటి పెద్దమనుషుల మాటల్లోనే తేలిపోతుంది; ఎక్కడా రాసి లేని ఆ ఆనవాయితీని చట్టమని నమ్మడం వల్ల మోయనక్కరలేని బరువులు చిన్నవాళ్ల మీద పడుతున్నాయి.

అపోహ: ఆస్తి ఉన్నా లేకున్నా, తండ్రి అప్పును చట్టం కొడుకు చేతే కట్టిస్తుంది.

వాస్తవం: ఈ నమ్మకానికి మూలం లేకపోలేదు. అధర్మకార్యం కోసం చేయని అప్పును తీర్చి తండ్రిని ఋణవిముక్తుణ్ణి చేయడం కొడుకు ధర్మమనే సూత్రాన్ని, అంటే ‘ధార్మిక బాధ్యత’ను, ఉమ్మడి ఆస్తి మేరకు కోర్టులు చాలాకాలం అమలు చేశాయి. అయితే హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ ప్రకారం, ఆ ఏడాది సెప్టెంబరు 9 తర్వాత చేసిన అప్పుల విషయంలో కేవలం ఆ సూత్రాన్ని పట్టుకుని కొడుకు మీదికి వెళ్లడం కుదరదు. చనిపోయిన మనిషి ఆస్తిలోంచి అప్పు రాబట్టుకునే హక్కు మాత్రం అలాగే ఉంది కనుక, వారసుడి బాధ్యత తనకు సంక్రమించిన ఆస్తి విలువను దాటదు. ముస్లిం కుటుంబాల్లోనూ వారసుల బాధ్యత వారికి వచ్చిన వాటా మేరకే.

పేచీ అంతా నోటు తిరగరాయడం దగ్గర వస్తుంది. బోరు కోసమో, అరటితోట కోసమో తండ్రి రాసిన ప్రామిసరీ నోటు స్థానంలో, రెవెన్యూ స్టాంపు మీద కొడుకు కొత్తగా సంతకం చేస్తే, అప్పటిదాకా తండ్రి ఆస్తికే పరిమితమైన బాకీ అతని సొంత బాకీగా మారే ప్రమాదం ఉంది. పద్దెనిమిదేళ్లు నిండనివాడి సంతకం చెల్లదు. నిండిన మరునాడు పెట్టింది చెల్లుతుంది. చెల్లెలికి సంబంధాలు రావేమోనన్న బెరుకుతో పెట్టిన సంతకాన్ని బలవంతపు సంతకమని నిరూపించడం కష్టం. ఆ తర్వాత డిగ్రీ మానేసి కువైట్ విమానమెక్కిన కుర్రవాణ్ణి బాధ్యత తెలిసినవాడని ఊరు మెచ్చుకుంటుంది గానీ, అతనికి వేరే దారి చూపినవారెవరో చెప్పదు.

2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, చెయ్యేటి వరద పులపత్తూరు, మందపల్లి వంటి ఊళ్లను ముంచెత్తినప్పుడు ప్రాణాలతో పాటు ఇళ్లూ పోయాయి, పొలాల్లో ఇసుక మేటలు వేసింది. అటువంటి పొలం కూడా ఆస్తే గనుక అప్పిచ్చినవారు దాని మీదికి రావచ్చు. కొత్త నోటు మీద సంతకం పెట్టని వారసుడి రేపటి కూలి మీదికి మాత్రం రాలేరు.

అపోహ: చిన్న వయసులో భర్త పోయిన స్త్రీ మారుమనువు చేసుకుంటే అతని ఆస్తి వదులుకోవాలి.

వాస్తవం: వితంతు పునర్వివాహాన్ని చట్టబద్ధం చేసిన 1856 నాటి చట్టమే ఆ షరతు పెట్టింది, అది 1983లో రద్దయింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం కింద భర్త నుంచి ఆమెకు సంక్రమించిన వాటా మళ్లీ పెళ్లి చేసుకున్నా పోదు. సంస్కర్తలు రాకముందు మారుమనువు ఎక్కడా లేదన్న మాట కూడా నిజం కాదు, ఎందుకంటే రాయలసీమలోని పలు వ్యవసాయ, వృత్తి కులాల్లో అది ఆచారంగా ఉండేది.

అపోహ: పెళ్లయిన ఆడబిడ్డకు సారె, ఒడిబియ్యం తప్ప తండ్రి ఆస్తిలో వాటా లేదు.

వాస్తవం: ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కును ఆంధ్రప్రదేశ్ 1985లోనే ఇచ్చినా, అప్పటికే పెళ్లయినవారిని మినహాయించింది, 2005 సవరణ ఆ మినహాయింపునూ తీసేసింది. పుట్టింటి రాకపోకలు చెడకూడదని ఆమె హక్కు విడుదల పత్రం మీద సంతకం చేయవచ్చు, కానీ చేసి తీరాలని ఏ చట్టమూ చెప్పదు.