ట్రంబుల్ గుట్టలో టంగ్‌స్టన్

మీరు ఇది చదువుతున్న కంప్యూటరు చిప్పులో, ట్రాన్సిస్టర్లను పైనున్న లోహపు తీగలకు కలిపే సన్నటి నిలువు గుంజలు చాలావరకు టంగ్‌స్టన్‌వే. టంగ్‌స్టన్ హెక్సాఫ్లోరైడ్ అనే వాయువును పంపి, కంటికి ఆనని ఆ రంధ్రాలను లోహంతో నింపుతారు. ఈ లోహం కోసం ఒకప్పుడు కనెక్టికట్‌లో, మనవాళ్ళు రోజూ ఆఫీసులకు వెళ్ళొచ్చే మెరిట్ పార్క్‌వేకి దగ్గర్లోనే, ఒక గుట్టను తవ్వారు. ట్రంబుల్ ఊళ్ళోని ఆ చోటును ఇప్పుడు ‘ఓల్డ్ మైన్ పార్క్’ అంటారు. పిక్నిక్ బల్లలు, చెట్లు, వాటి మధ్య రాతి గుంటలు. చెప్పేవాళ్ళు లేకపోతే ఇది గని అని తోచదు.

ఇక్కడ పాలరాయి పొర, ఆంఫిబొలైట్ అనే నల్లరాతి పొర ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. భూమి లోతుల్లోంచి వచ్చిన వేడి ద్రవాలు ఆ అతుకు వెంట పాకినప్పుడు, పాలరాతిలోని కాల్షియంతో టంగ్‌స్టన్ కలిసి షీలైట్ అనే ఖనిజమైంది. తమాషా ఆ తరువాతది. మరో విడత వచ్చిన ద్రవాలు షీలైట్‌లోని కాల్షియాన్ని తీసేసి ఇనుమును పెట్టాయి, కానీ స్ఫటికం ఆకారం మారలేదు. బయటికి షీలైట్, లోపల వుల్ఫ్రమైట్ జాతి ఖనిజం. ఇంటర్‌ఫేస్ ముట్టుకోకుండా లోపలి కోడంతా తిరగరాయడమంటే ఇదే! ఈ వేషధారి స్ఫటికాల వల్లే ట్రంబుల్ పేరు మ్యూజియంలకెక్కింది. పుష్యరాగం కూడా దొరికింది. వేడిచేస్తే ఆకుపచ్చగా వెలిగే క్లోరోఫేన్ అనే ఫ్లోరైట్ సరేసరి.

ఈ చుట్టుపక్కల టంగ్‌స్టన్ ఉందని యేల్ ప్రొఫెసర్ బెంజమిన్ సిల్లిమన్ 1819లోనే ప్రకటించాడు. అప్పట్లో దానితో ఎవరికీ పని లేదు. 1900 పారిస్ ప్రదర్శనలో టేలర్, వైట్ అనే ఇద్దరు అమెరికన్లు టంగ్‌స్టన్ కలిపిన హైస్పీడ్ స్టీలు చూపించాక గిరాకీ పుట్టింది. ఎర్రగా కాలినా పదును పోని ఉక్కు అది. ఆ రోజుల్లోనే ట్రంబుల్‌లో అమెరికన్ టంగ్‌స్టన్ మైనింగ్ అండ్ మిల్లింగ్ కంపెనీ మిల్లు కట్టింది. విలియం హాబ్స్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1901లో ఈ గని మీద నివేదిక రాశాడు.

మిల్లు నడవలేదు. ఖనిజంలో పైరైట్, అంటే గంధకంతో కలిసిన ఇనుము, విడదీయలేనంతగా కలిసిపోయి ఉంది. అప్పటి పద్ధతి బరువును బట్టి వేరుచేయడం. క్వార్ట్జ్ సాంద్రత 2.65, పైరైట్‌ది 5, షీలైట్‌ది 6, వుల్ఫ్రమైట్‌ది 7 పైన. చేటలో చెరిగితే ఊక పోతుంది గానీ బియ్యంలో రాళ్ళు పోవు కదా, ఇదీ అంతే. గంధకం ఉన్న సరుకు ఉక్కువాళ్ళకు పనికిరాదు. 1910లో జనరల్ ఎలక్ట్రిక్‌లో విలియం కూలిడ్జ్ టంగ్‌స్టన్‌ను సన్నని తీగగా సాగదీసి, బల్బుల కథే మార్చేశాడు. దానివల్ల కూడా ట్రంబుల్‌కు ఒరిగిందేమీ లేదు. 1916లో మిల్లు కాలిపోయింది. 1937లో ఆ స్థలాన్ని ఊరు కొనుక్కుంది.

ఇంత చిన్న గని గురించి ఇప్పుడెందుకంటారా? 2015 తరువాత అమెరికాలో వాణిజ్యపరంగా టంగ్‌స్టన్ తవ్వకం ఆగిపోయింది. ప్రపంచపు తవ్వకంలో 80 శాతం చైనాదే. 2025 ఫిబ్రవరిలో చైనా టంగ్‌స్టన్‌తో పాటు బిస్మత్, టెల్లూరియం వంటి వాటి ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసింది. పాత గనులన్నీ తెరిచేస్తే సరిపోతుందనే మాటలు అప్పటినుంచీ వింటున్నాను. నాకు నమ్మకం లేదు. రాయి ఉండటం వేరు, అందులోంచి లోహాన్ని లాభానికి తీయడం వేరు.

మన దగ్గరా ఈ లోహం ఉంది. తూర్పు గోదావరి ప్రాంతంలో బూరుగుబండ దగ్గర వుల్ఫ్రమైట్, గ్రాఫైట్‌తో కలిసి కనిపిస్తుంది. మదురై దగ్గర నాయక్కర్‌పట్టి బ్లాకునైతే 2024లో వేలం వేసి, ఊళ్ళవాళ్ళు తిరగబడ్డాక 2025 జనవరిలో కేంద్రం రద్దు చేసింది.

ట్రంబుల్ వెళ్తే మిల్లు పునాదులు చూడండి. షార్ట్‌వేవ్ అతినీలలోహిత దీపం కింద షీలైట్ నీలి తెలుపులో మెరుస్తుంది. పక్కనున్న వేషధారి స్ఫటికం మాత్రం నల్లగానే ఉంటుంది.